ఆల్‌వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు: కొలత నుంచి బిగింపు దాకా

బీఎండబ్ల్యూ ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ ఏ35, ఆడి ఎస్5, పాత ఆడి టీటీ వంటి కార్లు హనుమకొండలో, కరీంనగర్‌లో కూడా అప్పుడప్పుడు కనబడుతున్నాయి. వీటి ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ పోతుంది. అందుకే టైర్ల విషయంలో మామూలు కారు లెక్క వీటికి పనికిరాదు. మామూలు కారుకు రెండు టైర్లు అరిగితే రెండే మార్చి ఊరుకుంటాం. ఇక్కడ అదే పని చేస్తే ఖర్చు టైర్ల షాపులో ఆగదు, గేర్‌బాక్స్ వెనక ఉండి ముందు, వెనక ఇరుసులకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దాకా పోతుంది. బ్రాండు ఏదన్నది చివర తేల్చుకోవాల్సిన సంగతి. నాలుగు టైర్లూ ఒకే వేగంతో దొర్లుతాయా లేదా అన్నది మొదటిది.

తేడా ఎక్కడ పడుతుంది

ట్రెడ్, అంటే నేలకు తగిలే గాడుల రబ్బరు, ఒక మిల్లీమీటరు అరిగితే టైరు వ్యాసం 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది, చుట్టుకొలత దాదాపు 6.3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. వినడానికి చిన్న అంకెలే. 235/40 ఆర్18 సైజు తీసుకుని లెక్క కట్టి చూడండి. కొత్త టైరు వ్యాసం 645 మి.మీ., చుట్టుకొలత సుమారు 2,027 మి.మీ. అంటే కిలోమీటరుకు 493 చుట్లు తిరుగుతుంది. అదే టైరు 4 మి.మీ. అరిగితే 499 చుట్లకు పైనే తిరుగుతుంది. ముందు అరిగినవి, వెనక కొత్తవి ఉన్నాయనుకోండి. కిలోమీటరుకు ఆరు చుట్ల తేడా వస్తుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు అనుకుంటే, అక్కడికి చేరేసరికి ముందు చక్రాలు వెనక వాటికన్నా 900 చుట్లు ఎక్కువ తిరిగి ఉంటాయి.

ఆ తేడా అంతా ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్యనున్న భాగమే మింగాలి. జోడెడ్లలో ఒకటి అడుగు ముందుకేస్తూ పోతే బరువంతా కాడి మీద పడినట్టే. బీఎండబ్ల్యూ ఆల్‌వీల్ డ్రైవ్ అయిన ఎక్స్‌డ్రైవ్‌లో అది ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. ఆడి టీటీ, ఏఎంజీ ఏ35 వంటి, ఇంజన్ అడ్డంగా అమర్చిన కార్లలో వెనక ఇరుసు దగ్గరుండే క్లచ్ మీద పడుతుంది. పాత ఆడి ఆల్‌వీల్ డ్రైవ్ అయిన క్వాట్రోలో బలాన్ని గేర్లతో పంచే టోర్సన్ డిఫరెన్షియల్ కొంత ఓర్చుకుంటుంది గానీ, దాని గేర్లు కూడా రోజంతా అలా రాపిడి పడేందుకు చేసినవి కావు. మలుపుల్లో చక్రాల వేగాల్లో తేడా రావడం సహజం, దాన్ని తట్టుకునేలాగే కారును తయారు చేస్తారు. తిన్నగా పోయే రోడ్డు మీద కూడా ఆ తేడా ఆగకుండా ఉంటే క్లచ్ వేడెక్కుతుంది, ఆయిల్ చెడుతుంది, ప్లేట్లు అరుగుతాయి.

లక్షణాలు ఇలా మొదలవుతాయి: పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలిస్తే కారు పట్టేసినట్టు కుదుపులు, మధ్యస్థ వేగంలో కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే సన్నని వణుకు. ఈ దశలోనే టైర్లు సరిచేసి, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మార్పిస్తే చాలాసార్లు గండం గడుస్తుంది. ‘గేర్‌బాక్స్ సమస్య’ అని వేల రూపాయల స్కానింగులు చేయించే ముందు టైర్లు కొలవండి.

ముందు ఉన్న టైర్లను కొలవండి

ట్రెడ్ లోతు కొలిచే గేజి కావాలి. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. కంటితో చూసి ‘సగం ఉంది’ అనే అంచనాకు ఇక్కడ విలువ లేదు.

ప్రతి టైరుకు లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలవండి. అవే మూడు కొలతలు టైరు చుట్టూ మూడు చోట్ల తీయండి. గాడిలో ఉబ్బెత్తుగా కనిపించే అరుగుదల గుర్తు మీద గేజి పెట్టొద్దు, అది 1.6 మి.మీ. ఎత్తుంటుంది, అంత మేర లెక్క తప్పుతుంది. లోపలి అంచు కొలవాలంటే స్టీరింగ్ పక్కకు తిప్పాలి, వెనక టైర్లకైతే కారు కిందికి వంగాలి. బద్ధకించొద్దు. ఈ కార్ల చక్రాలు పైభాగంలో లోపలికి వాలి ఉంటాయి కాబట్టి లోపలి అంచే ముందు పోతుంది. బయటి నుంచి చూస్తే నిక్షేపంగా ఉన్న టైరు లోపలి వైపు గుండై ఉండటం ఈ తరగతి కార్లలో మామూలే.

అంకెలు కాగితం మీద రాసుకున్నాక వాటిని ఇలా చదవాలి. మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టారు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైంది. లోపలి అంచొక్కటే అరిగితే అలైన్‌మెంట్ గానీ సస్పెన్షన్ బుష్షులు గానీ చూడాలి, లేకపోతే కొత్త టైర్లకూ అదే గతి. చుట్టూ చేత్తో నిమిరితే రంపం పళ్లలా తగిలితే టో కోణం, అంటే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది.

చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. స్పోర్ట్స్ కారుకు ఆ గీత దాకా పోవడం తెలివి కాదు. కొత్త టైరులో లోతు 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. దగ్గరికి వచ్చేసరికే వెడల్పు టైరు కింద నుంచి నీళ్లు తోసే శక్తి బాగా తగ్గిపోతుంది. మన దగ్గర జూన్‌లో వానలు మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కొలిస్తే 3 నుంచి 3.5 మి.మీ. ఉందంటే ఆర్డరు పెట్టే టైం వచ్చేసింది.

ట్రెడ్ ఉన్నా వయసు అయిపోయి ఉండొచ్చు. టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆ నాలుగు అంకెలు టైరుకు ఒక వైపే ఉండొచ్చు, బయట కనబడకపోతే లోపలి వైపు చూడండి. ఆరేళ్లు దాటినదాన్ని ఏటా నిపుణుడితో చూపించాలి. మే నెల ఎండలో రామగుండం, ఆదిలాబాద్ వైపు ఆరుబయట నిలబడే కారుకైతే ఆరేళ్ల తర్వాత ఇంకా లాగడమెందుకు? పక్క గోడలో సన్నని పగుళ్లు, ఎక్కడైనా బుగ్గ లేవడం కనిపిస్తే లోతు ఎంతున్నా ఆ టైరు పని అయిపోయింది. బుగ్గ అంటే లోపలి దారాలు తెగాయని అర్థం, దానికి మరమ్మతు లేదు.

ఎన్ని మార్చాలి?

నాలుగూ. నూటికి తొంభై సార్లు జవాబు ఇదే.

మిగతా సందర్భాల్లో ముందు మీ కారు మ్యాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి చూడండి. కంపెనీని బట్టి అది మారుతుంది. సుబారు తన కార్లకు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళం మించి తేడా ఉండకూడదంటుంది. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., అంటే ట్రెడ్‌లో ఒక్క మిల్లీమీటరు. కొన్ని కంపెనీలు ఇంకొంచెం సడలింపు ఇస్తాయి. మ్యాన్యువల్‌లో ఏమీ దొరకకపోతే ముందు, వెనక ఇరుసుల మధ్య తేడా 2 మి.మీ. దాటకుండా, ఒకే ఇరుసు మీది రెండు టైర్ల మధ్య 1 మి.మీ. దాటకుండా చూసుకోండి.

మూడు వేల కిలోమీటర్లు తిరిగిన సెట్టులో ఒక టైరు గుంతలో పడి చిరిగితే ఆ ఒక్కటి మార్చొచ్చు. అదే బ్రాండు, అదే మోడలు, పక్క గోడ మీద అదే కారు కంపెనీ గుర్తు ఉన్నది వేయాలి. సగం అరిగిన సెట్టులో ఒకటి పోతే ఆ ఇరుసుకు రెండు కొత్తవి వేసి సరిపెడదామంటారు షాపులో. గేజి ఏం చెబుతుందో చూసి ఒప్పుకోండి. కొత్త టైరు ట్రెడ్‌ను యంత్రం మీద చెక్కి పాతవాటి లోతుకు తెచ్చే పద్ధతి అమెరికాలో ఉంది, మన పక్క దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అరిగిన టైరుకు గాలి ఎక్కువ కొట్టి ‘ఎత్తు సరిచేద్దాం’ అనే సలహా కూడా వినిపిస్తుంటుంది. రేడియల్ టైరు లోపల ఉక్కు బెల్టు ఉంటుంది. గాలి మూడు నాలుగు పీఎస్ఐ పెంచితే చుట్టుకొలత పెద్దగా మారదు, పట్టు మాత్రం పోతుంది.

సైజు: డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరే ప్రమాణం

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారైతే ఇప్పుడున్న టైరు మీది సైజును నమ్మొద్దు, ముందు ఓనర్ ఏం వేశాడో తెలియదు. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. అందులో సైజు, గాలి, కొన్నిటిలో లోడు అంకె ఉంటాయి.

225/45 ఆర్18 95వై ఎక్స్‌ఎల్ అని ఉంటే: వెడల్పు 225 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం అంటే 101 మి.మీ., రిమ్ము 18 అంగుళాలు. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోల దాకా మోస్తుంది, 91 అయితే 615 కిలోలే. వై అంటే గంటకు 300 కి.మీ., డబ్ల్యూ 270, వి 240. ఎక్స్‌ఎల్ అంటే ఎక్కువ బరువు మోసేలా చేసిన రకం. మన హైవేల మీద ఎవరూ 300 పోరు కదా, వి చాలదా అనే ప్రశ్న సహజం. ఎక్కువ వేగానికి తయారైన టైరు వేడిని బాగా తట్టుకుంటుంది, గోడ గట్టిగా ఉంటుంది. కారు స్టిక్కరులో ఉన్నదానికన్నా లోడు అంకె, వేగం అక్షరం రెండూ తగ్గకూడదు. తగ్గితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల చేతికి సాకు దొరుకుతుంది.

చాలా స్పోర్ట్స్ కార్లకు ముందు సన్నవి, వెనక వెడల్పువి ఉంటాయి. 225/40 ఆర్19 ముందు, 255/35 ఆర్19 వెనక అనుకోండి. లెక్క కడితే వ్యాసాలు 662.6, 661.1 మి.మీ. వెడల్పు వేరైనా దొర్లే కొలత దాదాపు ఒకటే. వెనక ఇంకొంచెం నిండుగా కనబడాలని 265/35 ఆర్19 వేయించారంటే దాని వ్యాసం 668.1 అవుతుంది. ముందు టైరుతో తేడా 5.5 మి.మీ.కు చేరింది. అంటే కొత్త టైర్లతోనే ట్రెడ్ రెండున్నర మిల్లీమీటర్లకు పైగా అరిగినంత తేడా కొని తెచ్చుకున్నట్టు. అందం కోసం సైజు మార్చి ట్రాన్స్‌ఫర్ కేసు పాడుచేసుకునేది ఇక్కడే.

రిమ్ము సైజు మారిస్తే కిందికి మారండి, మీదికి వద్దు. పై కారుకే 18 అంగుళాల రిమ్ములు వేసి 225/45, 255/40 టైర్లు పెడితే వ్యాసాలు 659.7, 661.2. దొర్లే కొలత పెద్దగా మారదు, పక్క గోడ మాత్రం 90 మి.మీ. నుంచి 101కి పెరుగుతుంది. ఆ 11 మిల్లీమీటర్లే స్పీడ్ బ్రేకర్ అంచుకు, గుంతకు, రిమ్ముకు మధ్య అడ్డుండేది. భూపాలపల్లి బొగ్గు లారీలు తిరిగే దారి, కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరిగే దారి మీ రోజువారీ దారి అయితే 19 కన్నా 18 మేలని గట్టిగా చెప్పొచ్చు. చిన్న రిమ్ము బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా ఉందో లేదో, ఆ సైజుకు మీ కారు మోడల్‌లో కంపెనీ ఆమోదం ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

గోడ మీది చిన్న గుర్తులు

ఒకే మోడలు టైరులోనే కారు కంపెనీ కోసం ప్రత్యేకంగా చేసినవి ఉంటాయి. బీఎండబ్ల్యూ వాటికి నక్షత్రం గుర్తు, మెర్సిడెస్ వాటికి ఎంఓ, ఏఎంజీ కోసమైతే ఎంఓ1, ఆడి వాటికి ఏఓ, పోర్షె వాటికి ఎన్ అక్షరంతో పాటు అంకె ఉంటాయి. లోపలి నిర్మాణం, రబ్బరు మిశ్రమం తేడాగా ఉండొచ్చు. గుర్తున్నవి దొరికితే అవే తీసుకోండి. దొరక్కపోతే గుర్తు లేనివి నాలుగూ వేసుకోవచ్చు. రెండు గుర్తున్నవి, రెండు లేనివి కలపడం మాత్రం కూడదు, పేరు ఒకటే అయినా. రెండు బ్రాండ్లు కలపడం సంగతి చెప్పనక్కర్లేదు. కాగితం మీద ఒకే సైజు రాసున్న రెండు కంపెనీల టైర్ల అసలు చుట్టుకొలతలు వేర్వేరుగా ఉంటాయి.

ఇంకో గుర్తు రన్‌ఫ్లాట్‌ది. బ్రిడ్జ్‌స్టోన్‌లో ఆర్ఎఫ్‌టీ, మిషెలిన్‌లో జెడ్‌పీ, కాంటినెంటల్‌లో ఎస్ఎస్ఆర్, గుడ్‌ఇయర్‌లో ఆర్ఓఎఫ్ అని ఉంటుంది. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా సుమారు 80 కి.మీ. దూరం పోవచ్చు. గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి గుంత దెబ్బ తిన్నగా రిమ్ముకూ ఒంటికీ తగులుతుంది. ఎక్కువగా హైదరాబాద్ హైవే మీదే తిరిగేవాళ్లు మామూలు టైర్లకు మారి, డిక్కీలో కంప్రెసర్, పంక్చర్ కిట్ పెట్టుకోవడం మంచిది. ములుగు దాటి ఏటూరునాగారం అడవి దారిలో రాత్రిపూట ప్రయాణాలు ఉన్నవాళ్లకు రన్‌ఫ్లాట్ కుదుపుల్ని భరించడమే నయం. మారితే నాలుగూ మారాలి. గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ పనిచేయని కారుకు రన్‌ఫ్లాట్ వేయొద్దు, గాలి పోయిన సంగతి గోడ నలిగేదాకా తెలియదు.

ఏ రకం రబ్బరు

మనకు సమ్మర్ టైరే కావాలి. ఏడు డిగ్రీల కన్నా తక్కువ చలికి, మంచుకు చేసే వింటర్ టైర్లు మన ఎండలో మెత్తబడి ఏడాది తిరక్కుండా అరిగిపోతాయి. విదేశాల నుంచి వాడి తీసేసినవని తక్కువ ధరకు అమ్మే టైర్ల మీద మంచు పువ్వు గుర్తు కనబడితే అక్కడితో ఆ బేరం ఆపేయండి. ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువున్న టైర్లు ఎండలో అతుక్కుని పోతాయి గానీ, వానాకాలం నాలుగు నెలలు కారు ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఆల్‌వీల్ డ్రైవ్ ఉంది కదా, వానలో భయం లేదనుకుంటారు. కారు కదలడానికి, వేగం అందుకోవడానికి నాలుగు చక్రాల బలం సాయపడుతుంది. ఆగడానికి, మలుపులో నిలబడడానికి దానికీ మామూలు కారుకూ తేడా లేదు. అక్కడ పని చేసేది టైరు ఒక్కటే. నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరు సన్న టైరు కన్నా ముందే తేలుతుంది. అందుకే ఎంపికలో పొడి రోడ్డు పట్టు కన్నా తడి రోడ్డు పట్టుకు పెద్దపీట వేయండి. యూరప్ లేబుల్ ఉన్న టైరైతే వెట్ గ్రిప్ దగ్గర ఏ ఉందో లేదో చూడండి. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైతే మన్నిక ఎక్కువని సూచన. అయితే ఆ అంకె ఎవరి కంపెనీ వాళ్లే ఇచ్చుకుంటారు కాబట్టి రెండు బ్రాండ్ల మధ్య పోలికకు అంతగా పనికిరాదు.

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ వరుస, కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా, పిరెల్లి పి జీరో, యోకోహామా అడ్వాన్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1, అపోలో వాళ్ల వ్రెడెస్టీన్ అల్ట్రాక్ వోర్టి ఈ తరగతివి. వీటిలో ఏది మేలన్న వాదనకు అంతుండదు. మీ సైజులో, సరైన లోడు అంకెతో, ముందూ వెనకా రెండు సైజులూ ఒకే మోడలులో ఏది దొరుకుతుందో వెతికితే జాబితా దానంతటదే రెండు మూడు పేర్లకు కుదించుకుపోతుంది. రోడ్డు మరీ పాడుగా ఉన్నచోట తిరిగేవాళ్లు మరీ మెత్తని గోడ ఉన్న మోడళ్లకు దూరంగా ఉండి, ఎక్స్‌ఎల్ గుర్తున్నవే చూడాలి.

కొనేటప్పుడు

2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. అప్పటి నుంచి కొన్ని పెద్ద సైజులు అడిగిన రోజే దొరకవు. హనుమకొండ, కరీంనగర్ డీలర్లు 18, 19 అంగుళాల స్పోర్ట్స్ టైర్లు సాధారణంగా హైదరాబాద్ నుంచి తెప్పించి ఇస్తారు. అడ్వాన్సు ఇచ్చే ముందు సైజు, లోడు అంకె, వేగం అక్షరం, కంపెనీ గుర్తు, రన్‌ఫ్లాటా కాదా అన్నీ చీటీ మీద రాయించండి. ‘సేమ్ సైజే సార్’ అన్న మాటతో సరిపెట్టుకుంటే 95కి బదులు 91 వచ్చి కూర్చుంటుంది.

టైర్లు దిగాక నాలుగింటి తేదీ అంకెలూ చూడండి. కొన్ని నెలల తేడా ఉంటే ఫరవాలేదు. రెండేళ్లు దాటిన స్టాకు అంటగడితే తిప్పి పంపండి, లేదా ధర తగ్గించమనండి. దేశంలో అమ్మే కారు టైరుకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ ముద్ర లేని దిగుమతి సరుకు ఎంత చవకైనా వారంటీ ఉండదు. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, పాత ధరల పట్టీ చూపిస్తే ఆ మాట గుర్తు చేయండి. బిల్లులో టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకోవాలి, బుగ్గ లేస్తే క్లెయిమ్‌కు అదే ఆధారం.

బిగించడం: నష్టమంతా ఇక్కడే జరుగుతుంది

మంచి టైరును చెడ్డ షాపులో బిగిస్తే రిమ్ము గీతలు పడుతుంది, సెన్సార్ విరుగుతుంది, టైరు అంచు చిరుగుతుంది. షాపు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి: ఇనుప కడ్డీ రిమ్ముకు తగలకుండా విప్పే యంత్రం ఉందా, టార్క్ రెంచ్ ఉందా, మీ కారు అలైన్‌మెంట్ కొలతలు వాళ్ల కంప్యూటర్‌లో ఉన్నాయా. మూడిట్లో ఏది లేకపోయినా ఇంకో షాపు చూసుకోవడం మంచిది. వరంగల్‌లో దొరకకపోతే ఈ ఒక్క పనికి హైదరాబాద్ పోవడం నష్టమేమీ కాదు.

ఇంటి నుంచి బయల్దేరే ముందు బోల్టు తాళం చెవి, అంటే చక్రం దొంగతనం కాకుండా పెట్టే ప్రత్యేక బోల్టు అడాప్టర్, కారులో ఉందో లేదో చూసుకోండి. అది లేక వెనుదిరిగే వాళ్లు చాలామంది.

కారును నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా లిఫ్ట్ మీద లేపాలి. రెండే లేపి, ఇంజన్ స్టార్ట్ చేసి చక్రాలు తిప్పడం, కారు మీదే చక్రాన్ని మోటారుతో తిప్పి బ్యాలెన్స్ చేయడం ఈ కార్లకు నిషిద్ధం. నేల మీదున్న చక్రాలకు బలం చేరి కారు జాకీ మీద నుంచి దూకొచ్చు, సెంటర్ క్లచ్ కాలొచ్చు.

టైరు విప్పేటప్పుడు గాలి వాల్వు వెనకే ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. అంచును రిమ్ము నుంచి విడగొట్టే దెబ్బ వాల్వుకు దూరంగా పడాలని ముందే చెప్పండి. సెన్సార్ ఉన్న వాల్వుకు సీలు, లోపలి పిన్ను మార్పించండి. సెన్సార్ లేని రబ్బరు వాల్వయితే మొత్తం కొత్తది వేయించాలి. రిమ్ము అంచులో పాత రబ్బరు, తుప్పు గీకి శుభ్రం చేయకపోతే టైరు సన్నగా గాలి వదులుతూనే ఉంటుంది. అంచుకు పూయాల్సింది టైరు పేస్టు. సబ్బునీళ్లతో కానిచ్చేవాళ్లున్నారు, గ్రీజు మాత్రం ఎవరినీ పూయనివ్వొద్దు, బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద జారుతుంది.

గోడ మీద ‘అవుట్‌సైడ్’ అని ఉంటే ఆ వైపు బయటికి రావాలి. ‘రొటేషన్’ బాణం ఉంటే ముందుకు పోయేటప్పుడు తిరిగే దిక్కుకు ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలిక చోటు, దాన్ని వాల్వు పక్కకు తెస్తే బ్యాలెన్సింగ్‌కు సీసం తక్కువ పడుతుంది. బ్యాలెన్సింగ్‌కు రిమ్ము లోపలి వైపు అంటించే బరువులు పెట్టమనండి, అంచుకు కొట్టేవి అల్లాయ్‌ను తింటాయి. ఒక చక్రానికి బరువులు మరీ ఎక్కువ పడుతుంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంకర ఉందేమో యంత్రం మీద తిప్పి చూడాలి. మన స్పీడ్ బ్రేకర్ల పుణ్యాన ఇది తరచూ బయటపడుతుంది.

బోల్టులను గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వొద్దు. చేత్తో పట్టించి, నక్షత్రం వరుసలో అంటే ఒకటి విడిచి ఒకటి తిప్పుతూ, టార్క్ రెంచ్‌తో ముగించాలి. చాలా ఆడి కార్లకు 120 న్యూటన్ మీటర్లు, ఇప్పటి బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు 140. మీ కారు అంకె మ్యాన్యువల్‌లో ఉంటుంది. గన్ను ఎక్కువ బిగిస్తే బ్రేక్ డిస్కు కూర్చునే తీరు మారి, బ్రేకు తొక్కినప్పుడు వణుకు వస్తుంది. అది టైరు తప్పనుకుని మళ్లీ మళ్లీ బ్యాలెన్సింగ్ చేయిస్తూ తిరుగుతారు.

ఆఖరుకు అలైన్‌మెంట్. గాలి నాలుగింటికీ సరిగ్గా కొట్టాకే మొదలుపెట్టాలి. ముందు, తర్వాత అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోండి. ‘పచ్చ రంగు వచ్చింది చాలు’ అంటే ఒప్పుకోవద్దు, ఎడమ కుడి టో ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. వెనక చక్రాలకూ సర్దుబాటు ఉంటుంది, కొందరు ముందువి మాత్రమే చూసి పంపేస్తారు.

మొదటి 300 కిలోమీటర్లు, ఆ తర్వాత గాలి

కొత్త టైరు మీద అచ్చులో నుంచి తీయడానికి పూసిన జిడ్డు ఉంటుంది. మొదటి 300 కి.మీ. గట్టి బ్రేకులు, గట్టి మలుపులు వద్దు, వానలో మరీ. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. కారు మెనూలో ప్రెషర్ హెచ్చరికను రీసెట్ చేయాలి, చల్లని టైర్లకు సరైన గాలి కొట్టాకే.

గాలి పొద్దున్నే చూడాలి, కారు కదలక ముందు. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు మారితే దాదాపు ఒక పీఎస్ఐ మారుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో పది డిగ్రీల చలిలో సరిగ్గా నింపిన గాలి ఏప్రిల్, మే నాటికి పొద్దున్నే చూసినా మూడు పీఎస్ఐ దాకా పెరగొచ్చు. అందుకే నెలకోసారి చూసుకోవాలి. మధ్యాహ్నం హైవే మీద ఆగి, వేడి టైరులో 40 చూపిస్తోందని గాలి తీసేయడం పెద్ద తప్పు. మర్నాడు పొద్దుటికి అది ఉండాల్సినదానికన్నా తక్కువకు పడిపోతుంది, తక్కువ గాలితో ఎండలో వేగంగా పోయే టైరు లోలోపల ఉడుకుతుంది. నైట్రోజన్ నింపిస్తే నష్టం లేదు, డబ్బులు పెట్టేంత లాభమూ లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

నాలుగూ ఒకే సైజయితే 8,000 కి.మీ.కు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చండి. బాణం గుర్తున్నవైతే అదే వైపు ముందు వెనక మార్చాలి. ముందూ వెనకా సైజులు వేరైతే ఈ వెసులుబాటు లేదు. అలాంటి కార్లలో ఒక ఇరుసు టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి 5,000 కి.మీ.కు ఒకసారి గేజి పెట్టి తేడా రాసుకోవడం తప్పదు.

దారిలో పంక్చర్ అయితే

ట్రెడ్ మధ్య భాగంలో 6 మి.మీ. లోపు రంధ్రమైతే లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించొచ్చు. రోడ్డు పక్క షాపులో పెట్టే స్ట్రిప్ ఊరు చేరేదాకా పనికొస్తుంది, ఆ తర్వాత టైరు విప్పి సరిగ్గా ప్యాచ్ వేయించండి. భుజం మీద, పక్క గోడలో రంధ్రానికి ఏ మరమ్మతూ లేదు. శబ్దం తగ్గించే స్పాంజి లోపల అంటించిన టైరైతే ఆ చోట స్పాంజి కోసి ప్యాచ్ వేయాలి, ఈ సంగతి తెలియని షాపతను విప్పి చూసి కంగారు పడతాడు. కంపెనీ ఇచ్చిన జిగురు ద్రవం ఎక్కించి ఉంటే ముందే చెప్పండి, సెన్సార్‌ను తుడిచి శుభ్రం చేయాల్సి ఉంటుంది.

స్టెప్నీ సన్నదైతే గంటకు 80 కి.మీ. మించకుండా, దగ్గరి షాపు దాకా మాత్రమే. దాని చుట్టుకొలత కూడా కొంచెం వేరుగా ఉంటుంది, కాబట్టి అది ఏ ఇరుసుకు వేయాలో మ్యాన్యువల్‌లో చూసి వేయండి. అవసరమైతే మంచి టైరును అటు మార్చి, స్టెప్నీని చెప్పిన ఇరుసుకే పెట్టాలి.

కారు అసలు కదలని స్థితిలో ఉంటే క్రేన్‌తో ముందు చక్రాలు లేపి వెనకవి నేల మీద దొర్లిస్తూ లాగనివ్వొద్దు. పది కిలోమీటర్లు అలా లాగితే సెంటర్ క్లచ్ పోవచ్చు. ఫోన్ చేసేటప్పుడే ‘ఫ్లాట్‌బెడ్ బండి కావాలి, నాలుగు చక్రాలూ మీదికి ఎక్కాలి’ అని చెప్పండి. అది రావడానికి ఇంకో గంట పట్టినా సరే.